కలసి యోచించుటకు కావలసిన ధనము

హైదరాబాదు నగరమున అమీరుపేటకు ఆనుకొనియున్న బల్కంపేటలో ఎల్లమ్మ తల్లి భూమట్టమునకు సుమారు పది అడుగుల దిగువన కొలువైయున్నది. ఆషాఢమాసమున మంగళవారమునాడు జరుగు ఆ తల్లి కల్యాణమును దర్శించుటకు నగరము నలుమూలలనుండియే గాక పరిసర జిల్లాలనుండియు భక్తజనము తరలివచ్చునప్పుడు, ఆ యిరుకు వీధులలో అంతటి జనసమ్మర్దమునకు తావు కల్పించి, త్రాగునీరు సమకూర్చి, వాహనములను దారి మళ్లించి, అస్వస్థులైనవారికి చికిత్స యందించి, ఉత్సవమును నిర్విఘ్నముగా నడిపించుట ఏ యొక్క సంస్థకును సాధ్యమగు కార్యము కాదు. అందుచేతనే ఉత్సవమునకు ముందు దేవస్థానమువారును, దేవాదాయ శాఖవారును, నగరపాలక సంస్థవారును, జలమండలివారును, విద్యుత్ శాఖవారును, పోలీసులును ఒకచోట సమావేశమై, ఎవరి వంతు పని ఏదో, ఏ వీధిలో ఏ యేర్పాటు ఉండవలెనో నిర్ణయించుకొందురు. మజ్జిగ పంచువారును, అన్నదానము చేయువారును, వరుసలను సరిదిద్దు యువకులును ఆ నిర్ణయములను బట్టి తమ సేవను అమర్చుకొందురు.

ఒకనాటి ఉత్సవమునకు మనము చూపు ఈ ముందుచూపు, సంవత్సరము పొడుగునను మనలను వెన్నాడు కష్టముల విషయమున కానరాదు. బల్కంపేటకు కొద్ది దూరమున, పంజాగుట్టలో, నిజాము ధర్మనిధి చలువతో 1960 దశకమున ఎముకల ఆసుపత్రిగా ఆరంభమై, కాలక్రమమున పెద్ద వైద్య విజ్ఞాన సంస్థగా ఎదిగిన నిమ్స్ ఉన్నది. అచటికి రోగులతోపాటు వారి బంధువులును దూరప్రాంతములనుండి వచ్చుచుందురు. వారికి తోడ్పడ దలచిన సంస్థలు నాలుగు కలవనుకొందము: ఒకటి మధ్యాహ్నపు భోజనము పెట్టును, ఒకటి రక్తదాతలను వెదకి తెచ్చును, ఒకటి మందుల కొనుగోలుకు ధనసహాయము చేయును, మరియొకటి రాత్రి తలదాచుకొనుటకు చోటు చూపును. నాలుగును సద్బుద్ధితో నడుచునవే, నాలుగును నిస్వార్థమైనవే. కాని అన్నము పెట్టువారికి బస చూపువారి సంగతి తెలియదు. మందులు కొనిపెట్టువారికి రక్తదాతల పట్టిక ఎవరియొద్ద నున్నదో తెలియదు. ఆదిలాబాదునుండి బిడ్డ నెత్తుకొని వచ్చిన తల్లి ఈ నాలుగు గుమ్మములను తానే కనుగొని, నాలుగుసార్లు తన దుఃఖమును చెప్పుకొని, నాలుగు దరఖాస్తులు వ్రాయించుకొనవలసి వచ్చును. నాలుగు సంస్థల దయ ఉండియు ఆమెకు ఒక్క పూర్తి సహాయము లభింపదు.

ఇట్టి చోట ఆ నాలుగు సంస్థలు కలసి పనిచేయవలెనని చెప్పుట సులభము. కలసి పనిచేయుటకు ముందు కలసి కూర్చుండవలెను. కూర్చుండుటకు కాలము కావలెను. కాలమునకు వెల కలదు. ఆ వెలను ఎవరు చెల్లింతురన్నదే ఈ వ్యాసమునకు విషయము.

ప్రణాళికా గ్రాంటు స్వరూపము

ఒకే ప్రాంతమున పనిచేయు రెండు లేక అంతకు మించిన లాభాపేక్ష లేని సంస్థలు ఉమ్మడిగా ఒక కార్యమును తలపెట్టినప్పుడు, ఆ కార్యమును నడపుటకు గాక, దానిని గూర్చి ప్రజలను విచారించి, అవసరములను లెక్కించి, పరస్పరము పనిని పంచుకొని, ఒప్పందమును వ్రాసికొని, వ్యయ అంచనాను సిద్ధపరచుకొనుటకై దాత మొదటనే యొసగు పరిమితమైన ధనసహాయమునే ప్రణాళికా గ్రాంటు అందురు. దీనికి కాలపరిమితి సాధారణముగా కొన్ని నెలలు, మొత్తము స్వల్పము, దీని ఫలము భవనమో, శిబిరమో, పంపిణీయో కాదు. పని మొదలు పెట్టదగునా, పెట్టదగినచో ఎట్లు, ఎవరితో, ఎంత ధనముతో అను ప్రశ్నలకు నమ్మదగిన సమాధానమే దీని ఫలము.

ఈ ధనము దేనికి వ్యయమగునని అడుగవచ్చును. సమావేశములను ఏర్పాటు చేసి, చర్చలను నమోదు చేసి, సంస్థల నడుమ వార్తాహరునివలె తిరుగు సమన్వయకర్తకు జీతము కావలెను. బస్తీలలోను, ఆసుపత్రి ఆవరణములోను ఇల్లిల్లు, మంచము మంచము తిరిగి వివరములు సేకరించువారికి భత్యము కావలెను. లెక్కలు తెలిసిన ఆడిటరు సలహాకును, ఒప్పందపత్రమును పరిశీలించు న్యాయవాది సేవకును రుసుము కావలెను. వీటన్నిటికంటె ముఖ్యముగా, ఇద్దరు ఉద్యోగులతోను గుప్పెడు స్వచ్ఛంద సేవకులతోను నడుచు చిన్న సంస్థ తన మనిషిని వారమున కొకదినము సమావేశములకు పంపినచో, ఆ దినము ఆగిపోవు సేవకు ప్రత్యామ్నాయము చూపుటకు ధనము కావలెను.

ఈ కడపటి అంశము పైకి చిన్నదిగా కనబడినను, నా దృష్టిలో ప్రణాళికా గ్రాంటునకు ఆయువుపట్టు ఇదియే. పెద్ద సంస్థకు ప్రతిపాదనలు వ్రాయు విభాగము వేరుగా నుండును. సమావేశమునకు వచ్చు అధికారి జీతము ఆగదు. చిన్న సంస్థకు అట్టి వెసులుబాటు లేదు. యోచనకు ధనము లేనిచోట సహకార ప్రణాళికను పెద్ద సంస్థ ఒంటరిగా రచించును. చిన్న సంస్థలు కడపట సంతకము చేయును. కాగితముమీద అది కూటమియే యగును. ఆచరణమున ఒకరు యజమాని, మిగిలినవారు అనుచరులు. బస్తీలోని ప్రతి యింటి కథయు తెలిసిన మహిళా సంఘము నోరు విప్పకముందే నిర్ణయములు జరిగిపోవును. కావున కలసి యోచించుటకు ధనమిచ్చుట చిన్న సంస్థను సమానస్థానమున కూర్చుండబెట్టుటయే.

మన దేశపు అనుభవము

ఇది పరదేశముల వింత పద్ధతి యనియు, మనకు పరిచయము లేనిదనియు తలచుట పొరపాటు. ప్రజాధనమును స్వచ్ఛంద సంస్థలకు క్రమబద్ధముగా అందించు ఏర్పాటును స్వతంత్ర భారతమున నెలకొల్పిన తొలి వ్యక్తులలో అగ్రగణ్యురాలు ఒక తెలుగు స్త్రీయే. 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, ఒక్కొక్క రూపాయిని కూడబెట్టి సంస్థను నడపుటలోని కష్టము నెరిగిన దుర్గాబాయి, ప్రణాళికా సంఘ సభ్యురాలైన పిమ్మట, సాంఘిక సంక్షేమమునకై ప్రథమ పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు ప్రత్యేకింపబడుటకు కారకురాలైనది. 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. ధనమును పంచుటకు ముందు దేశమున నున్న సంస్థల స్థితిగతులను, లోటుపాట్లను పరిశీలింపజేసి, రాష్ట్రములలో సలహా మండలులను ఏర్పరచి, 1954 నుండి కొన్ని గ్రామముల సముదాయమును ఒక ప్రాజెక్టుగా గ్రహించి స్థానిక స్త్రీలు ప్రముఖపాత్ర వహించు అమలు సంఘములకు సంక్షేమ విస్తరణ కార్యమును అప్పగించిన ఆమె పద్ధతిలో, విచారణ ముందు, వ్యయము వెనుక అను క్రమము స్పష్టముగా కానవచ్చును.

నగరములకు వచ్చినచో, హైదరాబాదు పురపాలక సంస్థ ఆధ్వర్యమున 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టును స్మరింపవలెను. మురికివాడలలో రోడ్డు వేయుటకును, కుళాయి పెట్టుటకును ముందుగా ఆ ప్రాజెక్టు ఉద్యోగులు బస్తీలలో తిరిగి, బస్తీ సంఘములను, మహిళా మండలులను, యువజన సంఘములను కూడగట్టి, వారికి ఏమి కావలెనో వారినోటనే వినుటకు యత్నించిరి. కొంత భారమును బస్తీవాసులే వహించుట ఆ పద్ధతిలోని నియమము. తరువాతి కాలమున యునిసెఫ్ సహాయమును, బ్రిటిషు ప్రభుత్వ విదేశాభివృద్ధి విభాగపు సహాయమును ఈ నగరమునకు వచ్చుటకు ఆ తొలి పరిచయములే పునాది యైనవి.

యోచనకు ప్రత్యేకముగా ధనము కేటాయింపవలెనన్న సూత్రము అంకెలలో స్పష్టముగా కనబడునది నేలను, వాననీటిని కాపాడు వాటర్‌షెడ్ పథకములలో. కరీంనగరు జిల్లాలో జన్మించి, బేగంపేటలోని నిజామియా వేధశాల ఆవరణమున, అనగా అమీరుపేటకు పొరుగుననే, నెలకొన్న ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రముతో చిరకాల సంబంధము కలిగిన ఆర్థికవేత్త ఆచార్య సి.హెచ్. హనుమంతరావుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1994లో సమర్పించిన నివేదిక ననుసరించి, 1995 నుండి అమలునకు వచ్చిన మార్గదర్శకములలో ప్రతి నూరు రూపాయలలో 80 రూపాయలు పనులకును, 5 రూపాయలు ప్రజలను సంఘటితపరచుటకును, 5 రూపాయలు శిక్షణకును, 10 రూపాయలు నిర్వహణకును విభజింపబడినవి. స్వచ్ఛంద సంస్థలును ఈ పథకములను నడపు అర్హతను పొందినవి. 2008లో వచ్చిన ఉమ్మడి మార్గదర్శకములు ఇంకను ముందునకు సాగి, పనులు మొదలిడుటకు ముందు ఒక సన్నాహక దశ ఉండవలెననియు, అది ఒకటి రెండు సంవత్సరములు కొనసాగవచ్చుననియు విధించినవి. సమగ్ర ప్రణాళికా నివేదికకు నూటికి 1 రూపాయి, ప్రజల విశ్వాసము చూరగొను ప్రవేశకార్యములకు 4 రూపాయలు, సంస్థా నిర్మాణమునకును సామర్థ్యాభివృద్ధికిని 5 రూపాయలు: ఈ విధముగా మొత్తములో పదవ వంతు, తవ్వకముగాని కట్టగాని తలపెట్టకముందే ఆవశ్యకమైన భూమికకు కేటాయింపబడినది.

నాబార్డు ద్వారా జర్మనీ సహాయముతో ఆదిలాబాదు, కరీంనగరు, మెదకు, వరంగల్లు జిల్లాలలో నడచిన వాటర్‌షెడ్ కార్యక్రమములో ఈ విభజన మరింత నిశితమైనది. మొదట సామర్థ్య నిర్మాణ దశ. అందు గ్రామస్థులును, వారికి తోడైన స్వచ్ఛంద సంస్థయు చిన్న విస్తీర్ణమున పనిచేసి, కలసి నడువగలమని నిరూపించుకొనవలెను. అటుపిమ్మటనే పూర్తి అమలు దశకు ధనము. దుక్కి దున్నక విత్తనము చల్లుట రైతు ఎరుగని పద్ధతి. ఆ వివేకమునే ఈ పథకము నిబంధనగా మార్చినది.

పలు స్థానిక సంస్థలు ఒక్క కార్యమునకు కట్టుబడుట ఎంతటి ఫలమునిచ్చునో తెలిసికొనుటకు ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు గొప్ప నిదర్శనము. నెదర్లాండ్సు సహాయముతో 1995 నుండి 2003 వరకు చిన్న రైతులకు బోరుబావులు త్రవ్వించిన ప్రాజెక్టు ముగియు వేళకు, బావులు పెరిగినంత మాత్రమున నీరు పెరుగదను సత్యము అందరికిని బోధపడినది. ఆ అనుభవమునుండియే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో, నంద్యాలలోని భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ, అనగా బర్డ్స్, ప్రధాన సమన్వయ సంస్థగాను, పలు స్థానిక స్వచ్ఛంద సంస్థలు భాగస్వాములుగాను, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలలో 600కు పైబడిన గ్రామములలో కొత్త కార్యము ప్రారంభమైనది. అది బోరు త్రవ్వుటకు గాని, పంపు కొనుటకు గాని రాయితీ నియ్యలేదు. ఊరిలోని స్త్రీ పురుషులే వర్షమానమును, బావులలోని నీటిమట్టమును కొలిచి నమోదు చేసికొనుట, రబీకి ముందు అందరును సమావేశమై భూమిలో ఎంత నీరు చేరినదో, తాము వేయదలచిన పంటలకు ఎంత నీరు కావలెనో లెక్కకట్టి పంట నీటి బడ్జెట్టును తయారుచేసికొనుట: ఇదియే ఆ కార్యమునకు సారము. ఏ పంట వేయవలెనని ఎవరును శాసింపలేదు; లెక్క తెలిసిన రైతు తానే వరిని తగ్గించి ఆరుతడి పంటలవైపు మొగ్గుట పలుచోట్ల జరిగినది. ఇట్టి కార్యమున ప్రతి జిల్లాలోను ఒకే కొలతలు, ఒకే నమోదు పద్ధతి, ఒకే శిక్షణ అవసరము. వేర్వేరు సంస్థలు వేర్వేరు తీరుల కొలిచినచో ఆ లెక్కలన్నియు వ్యర్థమగును. ముందుగా కూర్చుండి పద్ధతిని నిర్ణయించుకొనుటకు కాలమును, ధనమును వెచ్చించినందుననే ఆ సమైక్యము సాధ్యమైనది.

ప్రపంచమున ఇతర దేశములలోను ఈ ఆలోచన బలపడుచున్నది. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1914లో ఫ్రెడరిక్ గాఫ్ స్థాపించిన ఫౌండేషనుతో, ఒక ఊరి దాతల ధనమును ఆ ఊరి మేలునకై ఒకచోట చేర్చి నడపు పద్ధతి ఆరంభమైనది. 2011లో జాన్ కానియా, మార్క్ క్రేమర్ అనువారు ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసము, ఉమ్మడి కార్యము సఫలము కావలెనన్న ఐదు అంశములు అవసరమని వివరించినది: అందరికి సమ్మతమైన లక్ష్యము, ఒకే విధమైన కొలతలు, పరస్పరము బలపరచుకొను పనులు, ఎడతెగని సంభాషణ, వీటన్నిటిని నిలబెట్టు ఒక సమన్వయ వ్యవస్థ. ఈ ఐదింటిలో ఏ యొక్కటియు పని మొదలైన పిమ్మట తనంతట తాను పుట్టునది కాదు. ప్రతిదియు ముందు యోచనవలననే సిద్ధించును.

చట్టము చూపు దారులు, గీచిన గీతలు

కలసి పనిచేయదలచిన సంస్థలు చట్టమును గూర్చి కొంత తెలిసికొనుట అత్యవసరము. తెలంగాణమున సంఘములు సాధారణముగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద, కనీసము ఏడుగురు సభ్యులతో నమోదగును. అంతకు పూర్వము ఈ ప్రాంతమున నిజాము కాలపు 1350 ఫసలీ చట్టము అమలులో నుండెడిది. ఆ నాటినుండియు కొనసాగుచున్న పాత సంఘములు తమ నియమావళిలో ఇతర సంస్థలతో ఒప్పందము చేసికొను అధికారము స్పష్టముగా నున్నదో లేదో మొదట చూచుకొనవలెను.

విదేశీ విరాళముల నియంత్రణ చట్టమునకు 2020 సెప్టెంబరులో జరిగిన సవరణ ప్రకారము, విదేశములనుండి విరాళము పొందిన సంస్థ ఆ ధనమును వేరొక సంస్థకు బదిలీ చేయరాదు. అదే సవరణ పరిపాలనా వ్యయ పరిమితిని నూటికి 50 నుండి 20కి తగ్గించినది. పూర్వము ఒక పెద్ద సంస్థ విదేశీ గ్రాంటును స్వీకరించి పది చిన్న సంస్థలకు పంచి ఉమ్మడి కార్యము నడపుట వాడుక. ఇప్పుడా మార్గము మూసికొనిపోయినది. కావున విదేశీ ధనముతో ప్రణాళిక రచింపదలచినచో, భాగస్వాములలో అనుమతి కలిగిన ప్రతి సంస్థయు దాతనుండి నేరుగా తన వంతును పొందవలెను. అనుమతి లేని సంస్థకు స్వదేశీ ధనము వెదకవలెను. స్వదేశీ ధనము విషయమునను ఒక సంస్థ మరియొక సంస్థకు విరాళమిచ్చినచో, 2023 ఆర్థిక చట్టము తరువాత, ఆ మొత్తములో నూటికి 85 పాళ్లు మాత్రమే ధర్మకార్యమునకు వినియోగించినట్లు ఆదాయపు పన్ను లెక్కలలో పరిగణింపబడుచున్నది. ఉమ్మడి లెక్కలను మొదటినుండియే ఆడిటరుతో సంప్రదించి అమర్చుకొనవలెనని చెప్పుటకు ఈ ఒక్క కారణము చాలును.

ఇక ఆశాజనకమైన దారి కంపెనీల చట్టములో ఉన్నది. 2014 ఏప్రిలు నుండి అమలునకు వచ్చిన 135వ సెక్షను ప్రకారము, 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభము గాని కలిగిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి 2 పాళ్లు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఈ విషయమున కంపెనీవారు పరిపాలనా వ్యయమునకు 5 పాళ్ల పరిమితి కలదు గనుక యోచనకు ధనమియ్యజాలమని సంశయింప నక్కరలేదు. 2021 జనవరిలో సవరింపబడిన నియమములలో ఆ పరిమితి కంపెనీ తన సామాజిక కార్యవిభాగపు సాధారణ నిర్వహణకు పెట్టు ఖర్చులకు మాత్రమే వర్తించునని యున్నది. ఒక నిర్దిష్ట ప్రాజెక్టు రూపకల్పనకును, అమలునకును, పర్యవేక్షణకును, మదింపునకును నేరుగా వెచ్చించు ధనము ఆ లెక్కలోనికి రాదు. రూపకల్పనను ఖర్చుగా చట్టమే గుర్తించినప్పుడు, దాని నొసగుటకు దాత జంకవలసిన పనియు, అడుగుటకు సంస్థ సిగ్గుపడవలసిన పనియు లేదు. అంతియే కాక, ఒకటికంటె ఎక్కువ కంపెనీలు తమ తమ వ్యయములను విడివిడిగా లెక్కచూపగలిగినచో ఒకే ప్రాజెక్టునకు చేతులు కలుపుటకును ఆ నియమములు అనుమతించుచున్నవి. సంస్థల పక్షమున కావలసినది ఆదాయపు పన్ను రిజిస్ట్రేషనులును, కంపెనీ వ్యవహారముల మంత్రిత్వ శాఖవద్ద కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్సార్) కార్యములకై నమోదును సక్రమముగా ఉంచుకొనుట.

బల్కంపేటలో ఎట్లు మొదలు పెట్టవచ్చును

అమీరుపేట, పంజాగుట్ట, సంజీవరెడ్డి నగరము ప్రాంతములలో కాలనీ సంక్షేమ సంఘములు, పొదుపు సంఘములు, వయోవృద్ధుల సంఘములు, ఉత్సవ కమిటీలు, రక్తదాన బృందములు, అన్నదాన సమాజములు ఎన్నో పనిచేయుచున్నవి. కంప్యూటరు శిక్షణ కొరకు రెండు తెలుగు రాష్ట్రములనుండి వచ్చి హాస్టళ్లలో నివసించు యువజనులకును ఈ ప్రాంతము తాత్కాలిక నివాసము. ఇందుగల నాలుగైదు సంస్థలు ముందు చెప్పిన ఆసుపత్రి బంధువుల సమస్యను గ్రహించి ప్రణాళికా గ్రాంటును కోరవలెనన్నచో క్రమము ఎట్లుండవలెనో సూచించెదను.

మొదట తాము తెలిసికొనగోరు ప్రశ్నలను వ్రాసికొనవలెను. దినమున ఎందరికి ఏ పూట ఏ సహాయము అందక మిగిలిపోవుచున్నది? ఇప్పటికే ఎవరు ఏమి చేయుచున్నారు? నగరపాలక సంస్థ 2014లో ఆరంభించిన ఐదు రూపాయల భోజన కేంద్రము వంటి ప్రభుత్వ ఏర్పాటులు ఏవి సమీపమున కలవు? ఈ ప్రశ్నలకు సమాధానము ముందే తెలిసినట్లు నటించు దరఖాస్తు ప్రణాళికా గ్రాంటునకు తగదు. రెండవది, ధనమును స్వీకరించి లెక్కచెప్పు సంస్థ ఏదో, నిర్ణయము చేయు సంఘమున ప్రతి సంస్థకును ఒకే ఓటు ఉండునో లేదో నిర్ణయించుకొనవలెను. ధనము ఒకరివద్ద ఉండినను నిర్ణయాధికారము అందరివద్ద ఉండుట ఉత్తమము. మూడవది, సహాయము పొందువారినుండి కనీసము ఇద్దరు ముగ్గురు ఆ సంఘమున కూర్చుండవలెను. వారి ప్రయాణవ్యయమును, ఆనాటి కూలినష్టమును అంచనాలో చేర్చవలెను. నాల్గవది, రోగులను గూర్చిన వివరములు ఒక సంస్థనుండి మరియొక సంస్థకు పోవునప్పుడు వారి సమ్మతి ఎట్లు తీసికొనబడునో, ఆ వివరములు ఎవరి భద్రతలో ఉండునో వ్రాసికొనవలెను. ఐదవది, కలహము వచ్చినచో పరిష్కరించు మార్గమును, కూటమినుండి వైదొలగ గోరు సంస్థ గౌరవముగా వైదొలగు పద్ధతిని ఒప్పందమున ముందే పొందుపరచవలెను.

కాలపరిమితి ముగియునాటికి వారి చేతిలో నాలుగు పత్రములుండవలెను: అవసరముల విచారణ నివేదిక, సంస్థల నడుమ ఒప్పందము, మూడేండ్ల వ్యయ అంచనా, ఫలితములను కొలుచు పద్ధతి. ఈ నాలుగింటిలో ఏ మాటయు జనమునకు అర్థముకాని భాషలో ఉండరాదు. బస్తీ సమావేశమున తెలుగులోను, ఉర్దూలోను చదివి వినిపింపదగినట్లుండవలెను.

ఒక్కొక్కప్పుడు ఆరు నెలల విచారణ తరువాత ఉమ్మడి కార్యము తగదని తేలవచ్చును. రెండు సంస్థల స్వభావములు పొసగకపోవచ్చును. లేక సమస్య తాము తలచినంత పెద్దది కాదని బోధపడవచ్చును. అట్టి నిర్ణయమునకు వచ్చిన సంస్థలను దాత అభినందింపవలెను. స్వల్పధనముతో తేలిన ఆ సత్యము, తరువాత కోట్ల రూపాయలు వ్యర్థము కాకుండ కాపాడినది గదా.

దాతలకు ఒక మనవి

ప్రణాళికా గ్రాంటునకు ప్రమాదములు లేకపోలేదు. గ్రాంటు కొరకే కూటమి కట్టి, అది ముగిసిన మరునాడు విడిపోవు సంస్థలు ఉండవచ్చును. సమావేశములు, విందులు, అందమైన నివేదికలు తప్ప మరేమియు మిగులకపోవచ్చును. దీనికి ప్రతిక్రియ దాత చేతిలోనే ఉన్నది. భాగస్వాములు అంతకు పూర్వము చిన్న పనియైనను కలసి చేసినారా అని విచారించుట, గ్రాంటును రెండు మూడు విడతలుగా నిచ్చుట, నడుమ ఒక దినము తానే వచ్చి చిన్న సంస్థలవారి మాటను వేరుగా వినుట, వీనివలన కాగితపు కూటములను చాలవరకు గుర్తింపవచ్చును. అట్లే దాతయు తన మాటను స్పష్టముగా చెప్పవలెను. ప్రణాళిక బాగుగా నున్నచో అమలునకు ధనమియ్యగలడా, ఎంతవరకు ఇయ్యగలడు, ఎప్పటికి నిర్ణయము చెప్పును: ఈ మూడింటిని దాచి, సంస్థలను ఆశలో నిలుపుట దాతృత్వమునకు శోభ నీయదు. ప్రణాళికలో ఏమి తేలవలెనో ముందే సూచించుటయు తగదు. అట్లు చేసినచో అది విచారణ కాక ఆజ్ఞయే యగును.

మన సమాజమున దానము చేయువారికి లోటు లేదు. అన్నదానమునకు, వస్త్రదానమునకు, విద్యాదానమునకు చేయి చాచినచో లేదనువారు అరుదు. ఆ ధనము నిజముగా అవసరమైన చోటికి, అవసరమైన వేళకు, గౌరవముతో చేరుటకు కావలసిన యోచనకు మాత్రము ఇచ్చువారు మిక్కిలి అరుదు. ఏలయన, దానికి శిలాఫలకము లేదు, ప్రారంభోత్సవము లేదు, చూపుటకు ఛాయాచిత్రము లేదు. ఐనను, నీటికై, నేలకై మన రెండు రాష్ట్రముల పల్లెలలో ముప్పది ఏండ్లుగా అంగీకరింపబడిన నియమమును నగరపు బస్తీలకు నిరాకరించుటకు హేతువు కానరాదు. సామాజిక కార్యములకై కేటాయించు ధనములో పదవ వంతును సంస్థలు కలసి యోచించుటకును, వాటి సామర్థ్యమును పెంచుటకును ప్రత్యేకించుట న్యాయము.

స్థానిక సంస్థలకును నేను చెప్పదలచినది ఇంతియే. రాబోవు సంవత్సరమున దాతవద్దకు వెళ్లునప్పుడు, సిద్ధమైన పథకమును ఒంటరిగా వ్రాసికొని పోవుటకు మారుగా, పొరుగున పనిచేయు మూడు సంస్థలతో కలసి పొండు. మాకు పని యప్పగించుటకు ముందు ఆరు నెలలు కలసి యోచించు అవకాశము నిండని అడుగుడు. ఈ కోరిక బలహీనతను సూచింపదు. పరుల దుఃఖము విషయమున తొందరపాటు తగదని యెరిగినవారి బాధ్యతను సూచించును. దానిని గుర్తించి ధనమొసగు దాత, ఒక కార్యమునకు మాత్రమే గాక, ఆ తరువాత ఆ సంస్థలు కలసి చేయబోవు ప్రతి కార్యమునకును తోడ్పడినవాడగును.